బేరానికి లొంగని నట్టు

మా వంశంలో కారు కింద పడుకున్న మొదటివాణ్ని నేనే. అంతకుముందు తాత, నాయన, ఇద్దరు చిన్నాయనలు అందరూ గల్లాపెట్టె వెనక కూర్చున్నవాళ్లే. గోదావరిఖనిలో మా కిరాణా కొట్టు ముందు బొగ్గు గని షిఫ్టు దిగిన జనం గుమిగూడితే, మా నాయన తెల్ల బనీను మీద మచ్చ పడకుండా చింతపండు తూచేవాడు. నేను గ్యారేజీలో చేరతానన్నప్పుడు ఆయన కోప్పడలేదు. జాలిపడ్డాడు.

"మనం అమ్మేటోల్లం బిడ్డా. గా పనిల అమ్ముతానికి ఏమున్నది, నీ నడుము తప్ప" అన్నాడు.

నడుమే అమ్ముకున్నాను, మంచి ధరకే. ఇప్పుడు షెడ్డు మూసేశాను. ఐటీఐ చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు మా అరుగు మీద కూర్చుని పాత కార్ల సంగతులు చెప్పమంటున్నారు. నోటితో చెబితే కోతలు ఎక్కువ కోస్తానని మా ఇంటావిడ అభిప్రాయం. రాస్తే చెయ్యి నొప్పి పుట్టి ఎక్కడో ఒకచోట ఆగుతానని ఆమె ఆశ. అందుకని రాస్తున్నాను.

ఎన్ని బండ్లు బాగు చేశానో, ఎవరు శాలువా కప్పారో రాయను. ఎవరూ కప్పలేదు. చక్రం బేరింగు గురించి మాత్రమే రాస్తాను. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది, యజమాని నిన్ను వెతుక్కుంటూ వస్తాడు. బేరింగు చెడితే బండి పోతూనే ఉంటుంది, ఏదో ఒకరోజు తన చక్రమే తనను దాటి ముందుకు పోయేదాకా. అందుకే మెకానిక్కు ఎలాంటివాడో ఇంజను దగ్గర తెలియదు, బేరింగు దగ్గర తెలుస్తుంది.

వాసన చూసి కొన్న బేరింగు

సొంతంగా షెడ్డు పెట్టినప్పుడు మా నాయన దీవించలేదు, తిట్టలేదు. "కొనే కాడ నేనొస్త" అన్నాడు అంతే. ఇద్దరం కరీంనగర్ వెళ్లి ఒక విడిభాగాల దుకాణం మెట్లెక్కాం.

ధర చెప్పగానే నవ్వాలి, అది మా ఇంటి పద్ధతి. కోప్పడితే అమ్మేవాడికి మొండితనం వస్తుంది, నవ్వితే తన సరుకు మీద తనకే అనుమానం వస్తుంది. నాయన నవ్వాడు. తర్వాత బేరింగును డబ్బాలోంచి తీసి వాసన చూశాడు. గోరుతో గీకాడు. కందిపప్పును చూసినట్టు వెలుతురుకు పెట్టి చూసి "పురుగు లేదు" అని నాకు అప్పగించాడు. రెండుసార్లు దుకాణం దిగిపోయాం, రెండుసార్లూ వాళ్లు వెనక్కి పిలిచారు. చివరికి ఖాళీ డబ్బా కూడా ఇవ్వడానికి మనసొప్పని ధరకు బేరింగు మా చేతికి వచ్చింది.

దాన్ని తీసుకెళ్లి నాకు పని నేర్పిన ఉస్తాదుకు చూపించాను. ఆయన అరచేతిలో పెట్టుకుని చెవి దగ్గర ఒకసారి తిప్పి నా మొహం చూశాడు. ఎవరో వాడి పారేసిన బేరింగును రుద్ది, మెరిపించి, కొత్త డబ్బాలో పెట్టారు. ఈ మాట నాయనకు చెబితే ఆయన ఏమాత్రం తగ్గలేదు.

"డబ్బ కొత్తదే గదా" అన్నాడు.

ఆ డబ్బాలో మా అమ్మ చాలాకాలం లవంగాలు పోసుకుంది.

పిల్లలూ, జాకీ మీద బేరమాడండి, పానాల మీద ఆడండి, షెడ్డు అద్దె మీద ప్రాణం పోయేదాకా ఆడండి. బేరింగు మీద మాత్రం ధర తగ్గించమనకండి, ఇంకొంచెంసేపు చూడనివ్వమని అడగండి. రింగు మీద కంపెనీ పేరు చెక్కి ఉందా, పైపైన అచ్చేసి ఉందా చూడండి. తిప్పి చూడండి. చూడనివ్వను అన్నవాడి దగ్గర కొనకండి. ఇంతకు మించి రహస్యం లేదు.

వంటగదిలో గ్రీజు

మా ఉస్తాదు పేరు బాబామియా. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ పక్కన లారీల గ్యారేజీ నడిపేవాడు. అక్కడ పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు, సిమెంటు దుమ్ము అంతలా పేరుకునేది. సిమెంటు దుమ్ము గ్రీజులో కలిస్తే బేరింగుకు ఇంకో శత్రువు అక్కర్లేదు, సానరాయి లోపలే తయారవుతుంది. అందుకని ఉస్తాదు గ్యారేజీలో బేరింగు డబ్బా విప్పనిచ్చేవాడు కాదు. వెనకే ఉన్న తన ఇంటి వంటగదికి తీసుకెళ్లేవాడు. అక్కడ రొట్టెల పిండి కలిపే పళ్లెం పక్కన కూర్చుని, అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు వైపును దానికేసి అదిమేవాడు. రోలర్ల సందుల్లోంచి అవతలి వైపు గ్రీజు పురుగుల్లా బయటికి వచ్చేదాకా అదమాలి. పైపైన పూసినవాడికి ఆ రోజు టీ లేదు.

ఆయన భార్య ఈ పద్ధతితో ఎప్పుడూ రాజీపడలేదు. "నాకు సవతి వస్తదని భయపడ్డ గని, ఇనుపది వస్తదనుకోలే" అనేది.

ఉస్తాదుకు పాఠం చెప్పడం రాదు. ఒకే ఒక్క పోలిక చెప్పేవాడు. "బేరింగంటే కొత్త అల్లుడు బేటా. కాళ్లు కడిగి లోపటికి తీస్కపోవాలె, నూనె పెట్టాలె, ఇరుకు కాకుంట కూసుండబెట్టాలె. నెత్తి మీద మాత్రం కొట్టొద్దు."

నెత్తి మీద కొట్టడమంటే ఏమిటో చెప్తాను. ముందు చక్రం బేరింగులో బయటి రింగు హబ్బులో గట్టిగా కూర్చుంటుంది, రోలర్లున్న లోపలి రింగు ఇరుసు మీదికి ఎక్కుతుంది. బయటి రింగును కూర్చోబెట్టేటప్పుడు దెబ్బ దాని అంచు మీదే పడాలి, చుట్టూ సమంగా పడాలి. దానికి పాత రింగునే అడ్డం పెట్టి కొట్టొచ్చు. రోలర్ల మీదుగా దెబ్బ పోయిందా, కంటికి కనిపించని గుంటలు పడతాయి. అల్లుడు ఆ రోజు ఏమీ అనడు. ఆరు నెలల తర్వాత దారి మధ్యలో అంటాడు. రింగు పూర్తిగా కూర్చున్నప్పుడు సుత్తి చప్పుడు మారుతుంది, మోగేది మొద్దుబారుతుంది. ఆ మార్పు వినిపించేదాకా చెయ్యి ఆపకూడదు, వినిపించాక ఇంకొక్కటి కొట్టకూడదు.

వినిపించని ఊరు

చెడిపోతున్న బేరింగు చప్పుడు చేస్తుంది. మొదట సన్నగా గొణుగుతుంది, తర్వాత మూలుగుతుంది. ఏ ఊళ్లోనైనా యజమానే ఆ చప్పుడు విని బండి తీసుకొస్తాడు. మా ఊళ్లో ఆ సదుపాయం లేదు. గనిలో డ్రిల్లుల పక్కన, ఫ్యాన్ల పక్కన ముప్పై ఏళ్లు డ్యూటీ చేసిన చెవులకు సన్న చప్పుళ్లు అందవు. ఇద్దరు రిటైరైన కార్మికులు మా షెడ్డు ముందు యోగక్షేమాలు కనుక్కుంటుంటే కొట్లాట అనుకుని కొత్తవాళ్లు ఆటో ఆపుకున్న రోజులున్నాయి.

కాబట్టి ఇక్కడ పని నేర్చుకునేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. బండి గురించి స్టీరింగు పట్టుకున్నవాణ్ని అడగకండి, పక్కన కూర్చున్నవాళ్లను అడగండి. నాకు బేరింగుల పని తెచ్చిపెట్టింది ఎక్కువగా భార్యలే. దేవసహాయం కాక విషయంలో మాత్రం తెచ్చిపెట్టింది వెనక సీటు.

వెనక సీటు

దేవసహాయం కాక గనిలో టింబర్‌మన్‌గా చేసి దిగిపోయాడు. పైకప్పు కూలకుండా దాని కింద దుంగలు నిలబెట్టి, దుంగకూ కప్పుకూ మధ్య చెక్క ముక్కను సుత్తితో కొట్టి బిగించే పని అది. చెక్క బిగుతుగా ఉంటే కింద మనుషులు బతుకుతారు, వదులైతే లేదు. రిటైరయ్యాక ఆయన, ఒక డాక్టరు వదిలించుకోవాలని చూస్తున్న తెల్ల అంబాసిడర్ కొన్నాడు. పాత బండ్లంటే మోజున్నవాళ్లు ఇప్పుడు దాన్ని క్లాసిక్ అంటున్నారు. అప్పుడు మేం దాన్ని ఏనుగు అన్నాం.

"ఏనుగును కొన్నవ్ కాకా, గడ్డి ఎవలేస్తరు?" అన్నాను.

"ముందట ఏముందో నాకెందుకు సేటూ. ఎన్క సీటు సూడు" అన్నాడు. నేను పానా పట్టుకున్నా, చీపురు పట్టుకున్నా ఆయనకు సేటునే. కిరాణా కొట్టు కొడుకును కదా.

ఆ వెనక సీటు రాజమల్లు కోసం. గనిలో ఇద్దరిదీ ఒకే జట్టు. ఒకరోజు కప్పు కూలి బండ రాజమల్లు నడుము మీద పడింది. ప్రాణం దక్కింది, కాళ్లు సగమే దక్కాయి. ఏళ్ల తరబడి మంచం మీదున్నాడు. చివరికి కరీంనగర్ దవాఖానలో ఒక డాక్టరు, వారం వారం వచ్చి కాళ్లకు కసరత్తు చేయించుకుంటే నిలబడే ఆశ ఉందన్నాడు. మధ్యలో మానేస్తే మాత్రం కాళ్లు మళ్లీ బిగుసుకుంటాయి, అప్పుడు నన్నడగొద్దు అని కూడా అన్నాడు. ఆటోలో గుంత గుంతకూ రాజమల్లు అరిచేవాడు. బస్సు ఎక్కలేడు. కొత్త చిన్న కార్లలో కాళ్లు చాపలేడు. అంబాసిడర్ వెనక సీటులో నడుము కింద ఒక దిండు, వీపు వెనక ఒక దిండు పెడితే మంచం మీద ఒరిగినట్టు ఒరగొచ్చు.

అప్పటినుంచి ప్రతి బేస్తవారం ఇద్దరూ కరీంనగర్ పోతున్నారు. రాజమల్లు గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. "నిన్న గోడ పట్టుకొని పొయ్యి కాడిదాక పోయిన సేటూ. ఏం లాభం, కూరనే కాలే" అని నాకు చెప్పాడు. ఆ బండి ఆగితే ఆ మనిషి మళ్లీ మంచానికి పోతాడు. ఇది వాళ్లిద్దరికీ తెలుసు, నాకూ తెలుసు.

ఒక మంగళవారం ఏనుగు మా షెడ్డు ముందు ఆగింది. దేవసహాయం కాక దిగీ దిగకముందే మొదలుపెట్టాడు.

"బండికేం కాలే. వీడే సతాయిస్తున్నడు."

వెనక నుంచి రాజమల్లు తల బయటపెట్టాడు. "ముందట ఎడ్మ దిక్కు ఏందో గొణుగుతున్నది సేటూ. నా నడుముకు తెలుస్తున్నది."

"నీ కడుపు గొణుగుతుండొచ్చు."

"నా కడుపు మాట్లాడితే నీకినబడదు, బండి మాట్లాడితే ఇనబడదు. నీకినబడేది పాస్టరు మైకొక్కటే."

బండిని జాకీ మీద లేపి చక్రాన్ని తిప్పాను. చక్రం వెనక ఇరుసు మీద చెయ్యి పెడితే వేళ్ల కింద కరకరమంది. నడుము చెప్పింది నిజమే. ఎముకలు విరిగిన మనిషిని నమ్మండి పిల్లలూ, వాళ్లు అబద్ధమాడినా ఎముకలు ఆడవు.

బేరం

ఆ బండికి ముందు చక్రాల్లో టేపర్ రోలర్ బేరింగులు. గోళీలు కావు, ఒక పక్క సన్నబడ్డ చిన్న స్తంభాల్లాంటి రోలర్లు. ఇప్పటి కార్లలో చాలావాటికి హబ్బూ బేరింగూ ఒకే ముద్దగా వస్తాయి, నట్టు ఎంత బిగించాలో కొలత చూపే పానా చెబుతుంది. నీకు ఆలోచన అక్కర్లేదు. పాత బండ్లకు మాత్రం ఆ కొలత చేతిలోనే ఉండాలి. చక్రాన్ని తిప్పుతూ నట్టు బిగించాలి, చక్రం బరువుగా తిరిగేదాకా. అలా బిగిస్తేనే రోలర్లు తమ చోట్లో కూర్చుంటాయి. ఆ తర్వాత నట్టును కొంచెం వెనక్కి వదలాలి. పరుగులో బేరింగు వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, ఉబ్బడానికి జాగా కావాలి. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే కదిలిందా లేదా అన్నంత కదలిక చేతికి తగలాలి.

పాత బేరింగులు తీశాను, హబ్బు కడిగాను, కొత్త రింగులు కూర్చోబెట్టాను, మా ఇంటి వంటగదిలోకి వెళ్లి గ్రీజు నింపుకొచ్చాను. నట్టు బిగించి ఒక గాటు వెనక్కి వదిలి, అది కదలకుండా కొత్త పిన్ను దూర్చి దాని కాళ్లు చెరో పక్కకు విరిచాను. దేవసహాయం కాక స్టూలు మీంచి లేచి వచ్చి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు. ఆయన చెవులకు ఏమీ అందకపోవచ్చు కానీ ఆ చేతులకు అన్నీ అందుతాయి. మొహం మారిపోయింది.

"లూజున్నది."

"ఉండాలె కాకా."

"లూజున్నదాని మీద మనిషిని కూసుండబెడ్తవా?"

వేడి గురించి చెప్పాను. జాగా గురించి చెప్పాను. కొత్త అల్లుడి పోలిక కూడా చెప్పాను. ఆయన వినలేదు. వినిపించలేదేమోనని గట్టిగా చెప్పాను. అప్పుడు "ఇనబడ్డది" అన్నాడు.

"పూర టైట్ చెయ్యి."

"చేస్తే కాలిపోతది. ఒక్క గాటు ఎన్కకుండాలె."

"సరే, నీది కాదు నాది కాదు, అర్ధ గాటు పెట్టు."

ఇక్కడే నా పెంపకం నన్ను మోసం చేసింది. ఎంతటి బేరమైనా నడిమధ్యలో తెగుతుందని పుట్టినప్పటినుంచి చూసినవాణ్ని. ఆ నట్టుకు కోటగోడ మీద ఉన్నట్టు గాట్లుంటాయి. ఇరుసుకున్న రంధ్రం ఏదో ఒక గాటుకు ఎదురుగా వస్తేనే పిన్ను దూరుతుంది. అర్ధ గాటు దగ్గర దూరదు. సగం ఇవ్వడానికి వీల్లేని సరుకును నేను మొదటిసారి అమ్ముతున్నాను.

"అర్ధం లేదు కాకా. పిన్ను దూరాలె గదా."

"అయితే బిగించి దూర్చు."

నేను పానా కింద పెట్టి టీ కొట్టుకు నడిచాను. బేరంలో దుకాణం దిగిపోవడమన్నమాట. వెనక్కి తిరిగి చూస్తే ఆయన కూడా రెండోవైపు నడుస్తున్నాడు. ఇద్దరూ దిగిపోతే వెనక్కి పిలిచేవాడెవడు?

బండిలోంచి రాజమల్లు పిలిచాడు. "మీరు మంచిగ ఆడుకోండ్రి. బేస్తారం దాక నేను గిన్నే పంట. సద్దన్నం తెప్పియ్యుండ్రి."

చివరికి దేవసహాయం కాక వచ్చి నా భుజం తట్టాడు. "సరే సేటూ, నీ మాటే కానియ్యి" అన్నాడు. అంత మొండిగా ఆడినవాడు గబుక్కున ఒప్పుకుంటే సరుకు ఇంకోసారి చూసుకోవాలని మా నాయన వెయ్యిసార్లు చెప్పాడు. నేను గెలిచిన సంతోషంలో ఇంకో టీ తాగాను.

బసంత్‌నగర్ దాటాక

బేస్తవారం పొద్దున ఫోను వచ్చింది. దేవసహాయం కాక ఫోనులో మాట్లాడితే ఫోను అక్కర్లేదు.

"సేటూ, చక్రం పొగ పెడ్తున్నది. బసంత్‌నగర్ దాటినం."

స్కూటరు మీద పనిముట్లు, ఒక బేరింగుల సెట్టు వేసుకుని బయలుదేరాను. ఏ సెట్టు బిగించినా దానికి జోడు ఒకటి షెడ్డులో ఉంచుకోవడం నా అలవాటు. ఎందుకంటే నా పని మీద నాకు అంత నమ్మకం.

సిమెంటు లారీలు బారులు తీరిన చోట ఏనుగు రోడ్డు దిగి నిలబడి ఉంది. వెనక తలుపు తెరిచి రాజమల్లు ఎక్స్‌రే కవరుతో విసురుకుంటున్నాడు. ఎడమ చక్రం నుంచి కాలిన గ్రీజు వాసన. హబ్బు మీద నీళ్ల చుక్క వేస్తే చుయ్యిమంది. చల్లారాక మూత తీసి చూస్తే పిన్ను కాళ్లు నేను విరిచినట్టు లేవు. నట్టు చివరిదాకా బిగించి ఉంది.

"కాకా, దీన్ని ఎవలు ముట్టుకున్నరు?"

ఆయన లారీల వైపు చూశాడు.

"ఎవలు ముట్టుకుంటరు?" అన్నాడు రాజమల్లు. "రాత్రి పానాకు పాయిపు తొడిగి తిప్పిండట. వీనింటికి ఫోన్ చేస్తె మార్తమ్మ వదిన గిప్పుడే చెప్పింది. ప్రార్థన చేసి మరీ బిగించిండట."

నాకు ఒళ్లు మండింది. ఇంకాస్త దూరం పోయి ఉంటే చక్రం పట్టేసి బండి ఏ లారీ కిందికో పోయేదని చెప్పాను. నీ చెయ్యి దురద వల్ల ఇద్దరూ పోయేవాళ్లని చెప్పాను. ఇంకా కొన్ని చెప్పాను, అవి ఇక్కడ రాయను. ఆయన అంతా విన్నాడు. తర్వాత ఆయన గొంతులో ఎన్నడూ వినని నెమ్మదితో అన్నాడు.

"లూజున్నదాని కింద వీన్ని ఒకసారి పెట్టిన సేటూ. మల్ల పెట్ట."

అప్పటిదాకా నాకు తెలియదు. ఆ రోజు కప్పు కూలినచోట చెక్కలు కొట్టింది ఈయనే. చెక్క వదులై దుంగ ఒరిగిందని, అందుకే బండ రాజమల్లు మీద పడిందని ఆయన లెక్క. ఎవరూ ఆయన్ను అడగలేదు, ఆయనే తనను అడుగుతున్నాడు. నట్టు దగ్గర నేను బేరమాడింది ఎవరితోనో, దేనితోనో నాకప్పుడు అర్థమైంది. అలాంటి బేరాన్ని మా నాయన కూడా గెలిచి ఉండేవాడు కాదు.

పనిలో పడ్డాను. రోలర్లు నీలంగా మారిపోయాయి. ఇరుసు మీద మరకలు పడ్డాయి కానీ గరుకుకాగితంతో రుద్దితే నునుపు దేలింది. వాసన ముందే పసిగట్టి బండి ఆపించిన రాజమల్లు ముక్కుకు దండం. లారీ నుంచి ఒక చెక్క అడిగి తెచ్చి, దాని మీద హబ్బు పెట్టి రింగులు మార్చాను. గ్రీజు నింపడం మాత్రం ఆ దుమ్ములో కుదరదు. కారు ముందు సీటులో కూర్చుని, తలుపులు మూసుకుని, అద్దాలెక్కించుకుని నింపాను. వెనక నుంచి రాజమల్లు "ఉక్కపోస్తున్నది, జల్ది కానియ్యి" అంటూనే ఉన్నాడు.

హబ్బు ఎక్కించాక పానా నా చేత్తో పట్టుకోలేదు, దేవసహాయం కాక చేతికిచ్చాను. నేను వదిలి వెళ్లిన నట్టు ఎలాగూ మళ్లీ బిగిస్తాడు. ఆయనే వదలాలి.

చక్రం నేను తిప్పుతుంటే ఆయన బిగించాడు. బిగించడం ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. చక్రం బరువెక్కింది.

"గిప్పుడు ఒక్క గాటు ఎన్కకు కాకా."

పానా మీద చెయ్యి అలాగే ఉంది. కదల్లేదు. దవాఖానలో వాళ్ల వంతు పన్నెండింటిదాకే. నేను తొందరపెట్టలేదు. తొందరపెడితే కదిలే చెయ్యి కాదది.

తువ్వాల

"ఒరేయ్ దేవా" అన్నాడు రాజమల్లు వెనక సీటులోంచి. "ఆ దినం నీ చెక్క లూజు లేకుండె."

దేవసహాయం కాకకు వినిపించలేదనుకున్నాను. వినిపించింది.

"నీకేం తెల్సు. నువ్వు బండ కిందుంటివి."

"బండ కిందున్నోనికి తెల్వకుంటె ఇంకెవలికి తెలుస్తది? నీ దుంగ ఏడున్నది, నేనేడ పడ్డ? నేను నీ ఆఖరి దుంగ దాటి ముందటికి పోయిన."

ఆఖరి దుంగ దాటి ఒక్క అడుగు కూడా వేయకూడదు. గనిలోకి దిగిన మొదటిరోజు చెప్పే మాట అది. దుంగ లేని కప్పు ఎవరి మాటా వినదు.

"ఎందుకు పోయినవ్?"

"తువ్వాల."

"ఏం తువ్వాల?"

"మా అత్త పెట్టిన కొత్త తువ్వాల. ముందటి పాళీల ఆడ మర్చిన. నువ్వు అటు దిక్కు తిరిగి చెక్క కొడ్తున్నవ్. నీ చెక్క గట్టిగనే మోగుతున్నది, నేను ఇన్న. మోగుతున్నది గదా అని ధైర్యంగ పోయిన."

దేవసహాయం కాక పానా వదిలేసి లేచి నిలబడ్డాడు.

"మరి గిన్నేండ్ల సంది చెప్పవేందిరా?"

రాజమల్లు ఎక్స్‌రే కవరుతో రెండుసార్లు విసురుకున్నాడు. "మొదట సిగ్గయింది. తువ్వాల కోసం పోయిండంటే నవ్వుతరు. ఆనక నువ్వు బండి కొన్నవ్." కవరు ఒళ్లో పెట్టుకున్నాడు. "చెప్తే బేస్తారం బేస్తారం ఎవడొస్తడు?"

నేను బేరాల మధ్య పుట్టి పెరిగినవాణ్ని. తన దగ్గరున్న సరుకును ఇన్నేళ్లు ఎదుటివాడికి చూపించకుండా పట్టుకుని కూర్చున్న మనిషిని ఎన్నడూ చూడలేదు. ఉన్నదంతా ఒక్కసారే పైసా అడగకుండా అవతలివాడి ముందు పోసేసినవాణ్నీ చూడలేదు.

దేవసహాయం కాక వంగి పానా తీసుకున్నాడు. నట్టును ఒక్క ఊపున వెనక్కి తిప్పాడు. రెండు గాట్లు దాటిపోయింది. చక్రం పట్టి ఊపితే తాగినవాడిలా ఊగింది.

"కాకా, గంత లూజు వద్దు. చక్రం ఊడుతది."

"గిప్పుడు నువ్వు టైటంటున్నవా?"

"ఒక్క గాటు ముందుకు."

తిప్పాడు. ఊపి చూశాను. కదిలిందా లేదా అన్నంత కదలిక. ఆయన్నూ ఊపి చూడమన్నాను. చూశాడు. పిన్ను తనే దూర్చాడు, కాళ్లు తనే విరిచాడు, మూత తనే కొట్టాడు. నెమ్మదిగా, రెండే దెబ్బలు.

బండి జాకీ దిగింది. రాజమల్లు దేవసహాయం కాక మొహం వంక చూస్తున్నాడు. ఎప్పుడూ నోరు మూయని మనిషి సన్నగా అడిగాడు.

"ఇంటికేనా, దేవా?"

దేవసహాయం కాక చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. బయటికి వేలాడుతున్న రాజమల్లు కాళ్లను ఒకటొకటిగా ఎత్తి సీటు మీద పెట్టాడు. వీపు వెనక జారిపోయిన దిండును పైకి లాగి సర్దాడు. తలుపు వేశాడు, కొంచెం గట్టిగానే. ముందుకు వెళ్లి కూర్చుని బండి తీశాడు. ఏనుగు రోడ్డెక్కి, మా ఊరి వైపు తిరగకుండా కరీంనగర్ వైపు సాగింది.

కొత్త బేరింగు వేసిన చక్రాన్ని కొంతదూరం వెంబడించి చూడటం పని పద్ధతి. స్కూటరు మీద ఎడమ పక్కనే వెళ్లాను. దేవసహాయం కాక ఒక చెయ్యి స్టీరింగు మీద పెట్టి, రెండోది గాల్లో ఊపుతున్నాడు. మాటిమాటికీ తువ్వాల పేరు వస్తోంది, దాని వెంట రాజమల్లు అత్తగారూ వస్తోంది. లారీల మోతను మించి ఆ తిట్లన్నీ నా స్కూటరు దాకా వినిపించాయి. చక్రం మాత్రం వినిపించలేదు.